ముప్పై అయిదు గజాల చుక్క

తాడు నా దగ్గరికి ఒక ఎరువుల సంచిలో వచ్చింది. పూతలపట్టు కూడలిలో బస్సు దిగి నిలబడితే, ఆయన కూతురు స్కూటీ మీద వచ్చి సంచి నా చేతికిచ్చింది. ఆయన పోయి అప్పటికి ఇరవై రెండు రోజులు. చివరి ఏడాదంతా ఆమె ఇంట్లోనే ఉన్నారు.

"ఇంజినీరుకియ్యి, ఇంకెవురికీ ఇయ్యొద్దు అన్న్యాడన్నా నాయన. పాత ముడులు ఇప్పొద్దని సెప్పమన్న్యాడు. ఎందుకో మీకు తెలుసంట."

తెలుసన్నాను. ఆమె ఇంకేదో అడగబోయింది. వెనక బస్సు హారన్ కొట్టేసరికి స్కూటీ తిప్పుకుని వెళ్ళిపోయింది.

ఇంటికి తెచ్చి మిద్దె మీద పరిచాను. కొబ్బరి పీచు తాడు, ఒక చివర ఇనుప కడియం. మిద్దె పొడవు చాలక మూడు మడతలు వేయాల్సి వచ్చింది. కడియం నుంచి లెక్కపెడితే ముడులు ఏడు ఉండాలి: ఒకటి, నాలుగు, ఆరు, పది, పన్నెండు, పద్దెనిమిది, ముప్పై అయిదు గజాల దగ్గర. ఉన్నవి పధ్నాలుగు. ప్రతి కొలతకూ రెండేసి. మొదటి జంట మధ్య నాలుగు వేళ్ళ ఎడం ఉంది. చివరి జంట మధ్య మూడున్నర గజాలు.

ఫుట్‌బాల్ మైదానంలో గోలు ముందరి పెట్టెలు, పెనాల్టీ చుక్క, నడిమి వలయం, మూలల దగ్గరి వంపులు గీయడానికి మొదటి ఆరు కొలతలు చాలు. ఏడోది ఆట నియమాల్లో ఎక్కడా లేదు. అది ఆయన సొంతం. ఈ మనిషి గురించి రాయాలంటే ఆ ఏడో ముడి గురించే రాయాలి.

ఆయన పేరు ఇక్కడ రాయను. రాసినా చిత్తూరులో ఎక్కువమందికి తెలియదు. తాడు మామ అంటే తెలుస్తుంది. బెల్లం మండీలో కాటా దగ్గర కూర్చుని, దిమ్మెలు తూచి, అంకె అందరికీ వినబడేట్టు చెప్పడం ఆయన ఉద్యోగం. ముప్పై ఏళ్ళకు పైగా అదే చేసి మానేశారు. ఎండాకాలం పోటీలకు మైదానంలో సున్నం గీతలు గీయడం మాత్రం మానలేదు. ఆ పని ఆయనకు ఎవరూ అప్పగించలేదు కాబట్టి మానమని చెప్పేవాళ్ళు కూడా లేరు. కుర్రతనంలో ఊరి జట్టుకు గోలీగా ఆడారు. గోల్‌కీపర్ని మా వైపు గోలీ అనే అంటారు.

కుడిచేతి చివరి రెండు వేళ్ళు బయటికి వంగిపోయి ఉండేవి. టీ గ్లాసు మూడు వేళ్ళతో పట్టుకుంటే ఆ రెండూ గాల్లో నిలిచేవి. కొత్తవాళ్ళు అది దర్జా అనుకునేవారు. ఏ వస్తువైనా సరే, గాల్లో కనిపిస్తే కింద పడనిచ్చేవారు కాదు. బైకు తాళాలు, నిమ్మకాయ, అగ్గిపెట్టె, ఏదైనా. ఒకసారి టీ కొట్టతను పక్క బల్ల వాళ్ళకి విసిరిన బన్నును మధ్యలోనే అందుకుని రెండు చేతులతో ఛాతీకి అదుముకున్నారు. ఒక క్షణం అలాగే ఉండి, తర్వాత ఎవరిదో వాళ్ళకి ఇచ్చేశారు. క్షమాపణ అడగలేదు. అడగాల్సిన పని చేశానని ఆయనకు అనిపించినట్టు లేదు.

ముఖ్యమైన మాట చెప్పే ముందు అరచేతులు ఒకసారి చరుచుకునేవారు, కార్నర్ కిక్కుకు సిద్ధమైనట్టు. అంకె ఏదైనా రెండుసార్లు చెప్పేవారు. రెండోసారి గొంతు పెంచి. "రెండు టీలు. రెండు." మండీ అలవాటు అది. మొదటిది రాసేవాడికి, రెండోది వినేవాళ్ళకి.

నేను సత్యవేడు దగ్గర ఒక ఫ్యాక్టరీలో పని చేస్తాను. కొలత పరికరాలు సరిగ్గా కొలుస్తున్నాయా లేదా అని పరీక్షించే విభాగం మాది. శనివారం సాయంత్రం చిత్తూరు వస్తాను, సోమవారం పొద్దున్నే పోతాను. ఆదివారాలు మైదానం గోడ పక్కన ఉన్న టీ కొట్టు దగ్గర ఫోనులో పాత ఆటలు చూస్తూ కూర్చునేవాణ్ణి. ఆయన పక్కన చేరేవారు. అలా పరిచయం. ఆయన ఆట చూసే పద్ధతి వేరు. బంతి ఎవరి దగ్గరుంటే వాడి మీద బొటనవేలు పెట్టి మూసేసేవారు. తెర మీద మిగిలేది గోలీ ఒక్కడే. "ముందు వీడు యాడ నిలబడినాడో సూడు" అనేవారు. మిగతాది మనం ఊహించుకోవాల్సిందే.

అప్పట్లో నా ఫోనులో ఒక పట్టిక ఉండేది. ఇప్పటికీ ఉంది. ప్రపంచంలో పాతతరం, కొత్తతరం కలిపి మేటి ఆటగాళ్ళు ఇరవై మంది, వరుస క్రమంలో. ఆ పేర్లు కూడా ఇక్కడ రాయను. పైన ఎవరి పేరు రాసినా చదివేవాళ్ళలో సగంమంది అక్కడే ఆగి నాతో గొడవకు దిగుతారు, మిగతా సగం ఆ గొడవ చూస్తూ ఉండిపోతారు. ఆడిన ఆటలు, కొట్టిన గోల్స్, ఆటకు సగటు, ఎన్నేళ్ళు ఆడాడు, పెద్ద పోటీల్లో ఏం చేశాడు, ఇలా తొమ్మిది కాలమ్‌లు ఉండేవి. కాలాల మధ్య తేడాను సరిచేయడానికి నేనే ఒక గుణకం తయారు చేసుకున్నాను. దాని గురించి నాకు కొంత గర్వం కూడా ఉండేది.

ఆయన ఫోను చేతిలోకి తీసుకుని, వంకర వేలితో పట్టికను పైకీ కిందికీ జరిపి, ఓపిగ్గా మొత్తం చూశారు. తర్వాత చేతులు చరిచారు.

"అంతా బాగుండాది. గోలీ కాలమ్ యాడుండాదప్పా?"

నాకు అర్థం కాలేదు.

"కొట్టినాడు, కొట్టినాడు అని రాసినావే, ఎవురి మీద కొట్టినాడు? ఆడ నిలబడినోడు ఎట్లాంటోడు? మెలకువగా ఉన్న్యాడా, నిద్దర పోతా ఉన్న్యాడా? అది లేకుండా ఇది పట్టీ ఎట్లయితాది?"

పాతకాలం ఆటల్లో అటువంటి వివరాలు దొరకవని చెప్పాను. అయితే ఆ పాతవాళ్ళను ఏ కాటా మీద తూచావని అడిగారు. గుణకం గురించి చెప్పబోయి ఊరుకున్నాను.

ఆ వాదన రెండు ఎండాకాలాలు నడిచింది. పాతదంతా గొప్పదనే రకం కాదు ఆయన. తమ కాలపు తోలు బంతి వాన పడితే నీళ్ళు తాగి గుమ్మడికాయంత బరువయ్యేదనీ, దానికి తాడు కుట్టిన వైపు తలకు తగిలితే గుర్తు మిగిలేదనీ, వెనకనుంచి కాళ్ళు విరగ్గొట్టినా ఎవరూ విజిల్ వేసేవారు కాదనీ చెప్పేవారు. అంతలోనే, ఇప్పటివాళ్ళు తమకంటే రెండింతలు పరిగెత్తుతారనీ, అడ్డుకునేవాళ్ళు గోడలా కదులుతారనీ, వాళ్ళ మీద గోల్ చేయడం తమ కాలంలో కంటే కష్టమనీ ఆయనే ఒప్పుకునేవారు. ఈ కాలపు మేటి ఆటగాడొకడి ఫ్రీకిక్కును ఒక ఆదివారం పదకొండుసార్లు పెట్టించుకుని చూశారు. పదకొండుసార్లూ కొట్టినవాడి మీద బొటనవేలు. చివరికి ఫోను తిరిగిస్తూ, "పాపం, గోలీ సెయ్యాల్సిందంతా సేసినాడు" అన్నారు.

కానీ ఏ వాదనైనా ఒకే చోట ముగిసేది. "అయినా మా ఎడంకాలోడి ముందర వీళ్ళెవురూ నిలబడరు."

ఎడంకాలోడి కథ ఊళ్ళో చాలామందికి తెలుసు. అప్పటికి నలభై నాలుగేళ్ళ కిందటి ఎండాకాలం పోటీల ఫైనల్. వేలూరు వైపు నుంచి వచ్చిన తోలు ఫ్యాక్టరీ కూలీల జట్టుకూ మన జట్టుకూ ఆట. చెరొక గోలు. ఇంకో రెండు నిమిషాల్లో అయిపోతుందనగా, నడిమి వలయం దాటి కొంచెం ఇవతల, ఎడమకాలితో ఆడే ఒక బక్కమనిషి దొర్లుకుంటూ వచ్చిన బంతిని ఆపకుండా కొట్టాడు. అది నేలకు తగలకుండా వచ్చి బారు కింద మూలలో దూరింది. మన గోలీ దూకాడు, అందలేదు. ఊరి జట్టు ఓడిపోయింది. ఆ గోలీ ఈయనే. ఆ మనిషి మళ్ళీ చిత్తూరు రాలేదు. అతని పేరు ఎవరూ అడగలేదు.

వంకర వేళ్ళు ఆ రోజువేనా అని నేను ఒకసారి అడిగాను. కాదన్నారు. ఆ రోజు బంతి వేళ్ళకు తగల్లేదన్నారు. తగిలి ఉంటే బాగుండేదన్నారు.

అంత దూరం నుంచి వచ్చే బంతిని పిలకాయలైనా పట్టుకుంటారని ఆ సాయంత్రమే ఊరు తేల్చేసింది. ఆ తర్వాత మండీలో ఎవరి చేతిలోంచి బెల్లం దిమ్మె జారినా, "ఏం తాడూ, వదిలేసినావా?" అని ఆయన వైపు చూసి నవ్వేవారట. దిమ్మె జార్చింది వేరేవాడైనా సరే. ఇరవై ఏళ్ళ తర్వాత పనిలో చేరిన కుర్రవాళ్ళు కూడా, ఎందుకంటున్నారో తెలియకుండానే ఆ మాట నేర్చుకున్నారు.

ఆయన ఆ సాయంత్రం మైదానం వదిలే ముందు ఒక పని చేశారు. ఎడంకాలోడి మడమ దిగిన గుంత వెతికి, గోలుగీత నడిమి నుంచి అక్కడిదాకా తాడు పట్టి కొలిచారు. ఆ తాడు కొత్తది. ఆ రోజు పొద్దుననే సర్వేయరు గొలుసు అడిగి తెచ్చి, దాని పక్కన పెట్టి ముడులు వేసి, దానితోనే గీతలు గీశారు. గుంత దాకా ముప్పై అయిదు గజాలు వచ్చింది. అక్కడ ఏడో ముడి వేశారు.

అప్పటి నుంచి ఎవరేమన్నా ఆయన జవాబు ఒకటే. "ముప్పై అయిదు గజాలు. ముప్పై అయిదు." అంత దూరం నుంచి అలా కొట్టగలిగినవాడు ప్రపంచంలో ఇంకొకడు లేడు. ఆయన చెప్పేది అక్కడితో ఆగేది. మిగతా సగం ఎప్పుడూ పైకి అనలేదు. వాడు అంతటివాడైతే పట్టలేకపోయినవాడి తప్పు లేదన్నది ఆ మిగతా సగం. అది నాకు అర్థమవడానికి రెండేళ్ళు పట్టింది. ఎడంకాలోణ్ణి నా పట్టికలో చేర్చమని ఆయన ఎందుకు అడుగుతున్నారో కూడా అప్పటిదాకా తెలియలేదు. నేను చేర్చలేదు. పేరు లేదు, వీడియో లేదు, ఎక్కడా నమోదు లేదు అన్నాను. చూసినవాళ్ళు పోగా మిగిలిన సాక్షి ఒక్కడే, ఆ సాక్షి ఓడిపోయిన గోలీ అని కూడా అన్నాను. ఆయన టీ తాగేసి, గ్లాసు తనే కడిగి పెట్టి వెళ్ళిపోయారు. ఆ మాట వెనక్కి తీసుకునే వీలు నాకు మళ్ళీ రాలేదు.

ఏడో ముడితో ఆయన ప్రతి ఏడాదీ ఒక చుక్క పెట్టేవారు. ఫైనల్ రోజు, ఆట మొదలయ్యే ముందు, పోటీల్లో ఆడిన జట్లన్నీ ఆ చుక్క దగ్గరికి తలా ఒక మనిషిని పంపాలి. ఒక్కొక్కడికి ఒక్క కిక్కు. గోల్లో వేరే జట్టు గోలీ ఉంటాడు. బంతి నేలకు తగలకుండా లోపలికి పోవాలి. ఇది ఎవరు పెట్టిన ఆచారమో ఎవరూ అడగరు, అందరూ పాటిస్తారు. నలభై మూడు ఎండాకాలాల్లో ఒక్కడూ కొట్టలేదు. ప్రతి కిక్కు తప్పినప్పుడూ ఆయన గోలుపోస్టు పక్కన నిలబడి తల ఒకసారి ఊపేవారు. ఒక్కో తప్పిన కిక్కు ఆయనకు ఒక్కో సాక్షి.

ఐరాల జట్టులో పాలవ్యాను నడిపే ఒక యువకుడు ఉన్నాడు. నేను చూసినంతలో మా జిల్లాలో అంత గట్టి కాలు ఇంకొకటి లేదు. అతను ఒక ఏడాది చుక్క నుంచి కొడితే బంతి బారుకు తగిలి ఎగిరిపోయింది. బారు గోలు కాదన్నారు ఆయన. మరుసటేడు రెండు జానల తేడాతో బయటికి పోయింది. ఆ తర్వాతి ఏడు, ఫైనల్‌కు ముందటి ఆదివారం, టీ కొట్టు దగ్గర ఆ యువకుడు ఆ చుక్క ముప్పై అయిదు గజాలు కాదన్నాడు. తాను తిరుపతిలో, మదనపల్లెలో ఆడివచ్చాననీ, అక్కడ ఎంత దూరం ఎంతో తన కాలికి తెలుసుననీ అన్నాడు.

"మామా, మా ఊళ్ళో గజానికి మూడడుగులే. నీ గజానికి ఎన్నో నువ్వే సెప్పు."

బల్ల మీద ఉన్నవాళ్ళందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు. గ్లాసు కింద పెట్టారు.

"నా కాటా తప్పని మండీలో ఒక్కడూ అన్లా. ముప్పై ఏండ్లు. ముప్పై." తర్వాత నా వైపు తిరిగారు. "ఇంజినీరూ, వచ్చే ఆదివారం నీ ఇనప టేపు తీసకరా. అందురి ముందర కొలువు."

ఆదివారం పొద్దున ఆరింటికే మైదానానికి వెళ్ళాను. నలుగురి ముందు కొలిచే ముందు ఒకసారి విడిగా కొలిచి చూసుకోవడం నా పద్ధతి. ఆయన అప్పటికే అక్కడ ఉన్నారు. గీతలన్నీ పూర్తయ్యాయి, చుక్క కూడా పెట్టేశారు. సున్నం ఇంకా తడిగానే ఉంది. నన్ను చూసి టేపు కొస అందుకుని గోలుగీత మీద, సరిగ్గా నడుమ, పట్టుకుని కూర్చున్నారు.

నూట పదిహేను అడుగుల ఆరు అంగుళాలు వచ్చింది. ముప్పై ఎనిమిదిన్నర గజాలు. నేను టేపు బిగించి మళ్ళీ చూశాను. చోటు మార్చి మూడోసారి చూశాను. తర్వాత పెనాల్టీ చుక్క కొలిచాను. ముప్పై ఆరు అడుగులు ఉండాల్సింది ముప్పై తొమ్మిది అడుగుల ఏడు అంగుళాలు ఉంది. అన్నీ ఒకే నిష్పత్తిలో, పదో వంతు పెరిగాయి. మా ఊరి ఆటగాళ్ళు తిరుపతి వెళ్ళినప్పుడల్లా పెనాల్టీలు బారు మీదుగా ఎందుకు లేపేస్తారో అప్పుడు తెలిసింది, కాళ్ళు దూరపు చుక్క బలానికి అలవాటుపడ్డాయి. వాళ్ళు ప్రతిసారీ అక్కడి బంతిని తిట్టుకుంటూ తిరిగొచ్చేవారు.

ఇది ఎన్నో తాడు అని అడిగాను. అయిదోదన్నారు. కొత్త తాడుకు ముడులు ఎలా వేస్తారని అడిగాను.

"ఎట్టేస్తారు? పాత తాడు పక్కన కొత్తది పరిసి, రెండూ గట్టిగా గుంజి, ముడి పక్కన ముడి ఏసేది."

పీచు తాడు వాడేకొద్దీ సాగుతుంది. సాగిన తాడును చూసి వేసిన ముడి అక్కడి నుంచే మొదలవుతుంది, ఆ కొత్త తాడూ మళ్ళీ సాగుతుంది. ఒక్కో తాడుకు గజానికి ముక్కాలంగుళం కూడా లేదు. కంటికి తెలియదు. అయిదు తాళ్ళకు మూడున్నర గజాలు. నకలు చూసి నకలు తీయకూడదు, ప్రతిసారీ అసలు దగ్గరికే వెళ్ళాలి అన్నది మా విభాగంలో మొదటి రోజు నేర్పే పాఠం. అది చెప్పడం మొదలుపెట్టాను. సగం చెప్పకముందే ఆయనకు అర్థమైపోయింది. మండీకి ప్రతి ఏడాదీ తూనికల అధికారి వచ్చి, తన ఇత్తడి రాళ్ళతో ఆయన ఇనుప రాళ్ళను సరిచూసి ముద్ర వేసి పోయేవాడు. ఆ రాళ్ళను ఎత్తుకుని అధికారి ముందు పెట్టేది ఈయనే. తాడును మాత్రం నలభై నాలుగేళ్ళలో ఎవరి ముందూ పెట్టలేదు.

టేపు కొస వదలకుండానే అన్నారు.

"అంటే ఇన్నేండ్లూ ఈ పిలకాయల కాడ నేను తూకం ఎక్కవ తీసుకున్న్యా."

ఇది మనిద్దరికే తెలుసు, సాయంత్రం తాడుతోనే కొలుద్దాం అన్నాను. కొలతలే వృత్తిగా బతికేవాణ్ణి ఆ మాట ఎలా అన్నానో ఇప్పటికీ తెలియదు. ఆయన నా వైపు కొత్త మనిషిని చూసినట్టు చూశారు.

"ముద్ర లేని రాయితో నేనెప్పుడూ తూసింది లేదప్పా."

కొంతసేపయ్యాక, రెండేళ్ళ కిందట ఐరాల యువకుడు బారుకు కొట్టాడే, అది ముప్పై అయిదు నుంచైతే ఏమయ్యేదని అడిగారు. లోపలికి పోయుండచ్చు, పైకి పోయుండచ్చు, లెక్క కట్టలేమని చెప్పాను. "నీకూ తెలీనిది ఉండాదే" అని నవ్వారు. ఆ నవ్వు ఎక్కువసేపు లేదు. కాలితో పాత చుక్కను చెరుపుతూ, నన్ను చూడకుండా అడిగారు.

"ఇయ్యాల వాడు కొట్టేస్తే?"

ఆయన టేపు పట్టుకుని మిగతా గీతలు సరిచేసి, చివరికి సరైన చోట సున్నంతో కొత్త చుక్క పెట్టారు. దాన్ని గుండ్రంగా సరిచేయడానికి మామూలు కంటే ఎక్కువసేపు తీసుకున్నారు.

సాయంత్రం జనం బాగా వచ్చారు. మండీ నుంచి కూడా వచ్చారు. ఆయన నన్ను అందరి ముందూ పాత చుక్క ఉన్న చోటిదాకా కొలవమన్నారు. నేను కొలిచి ఆయన చెవిలో చెప్పాను. ఆయన చేతులు చరిచారు. కాటా దగ్గర ముప్పై ఏళ్ళు వాడిన గొంతు తీశారు.

"ముప్పై ఎనిమిదిన్నర. ముప్పై ఎనిమిదిన్నర. తప్పు తాడుది గాదు. నాది."

జనంలోంచి ఒక ముసలి గొంతు అరిచింది. "ఏం తాడూ, ఇదీ వదిలేసినావా?" చాలామంది నవ్వారు. ఆయన అటు చూసి తల ఒకసారి ఊపారు.

గొడవకు సిద్ధపడి వచ్చిన ఐరాల యువకుడికి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. "పోనీలే మామా, నేను ఆ పాత సుక్క కాడి నుంచే కొడతా, నాకు అలవాటైపోయింది" అన్నాడు. ఆడ నుంచి కొడితే లెక్కలోకి రాదు, ఈడికి రమ్మని ఆయన కొత్త చుక్క చూపించారు.

గోల్లో ఉన్నది తిరుపతి కాలేజీ జట్టు గోలీ. పొడుగాటి మనిషి, మంచి గోలీ. ఆ పోటీల్లో అప్పటిదాకా అతని మీద ఒక్క గోలు పడలేదు. కిక్కు వస్తుందని తెలుసు, ఎవరు కొడతారో తెలుసు, ఎక్కడి నుంచో తెలుసు. గీతకు అడుగు ముందు, సరిగ్గా నడుమ నిలబడ్డాడు. యువకుడు అయిదడుగులు వెనక్కి వేసి వచ్చి కొట్టాడు. బంతి మొదట బయటికి పోతున్నట్టు కనిపించింది. గోలీ మోసపోలేదు, అది తిరిగే వైపే దూకాడు, ఒళ్ళంతా సాగదీసి దూకాడు. బంతి అతని వేళ్ళకు జానెడు అవతల నుంచి బారు కింద మూలలో దూరింది.

అందరూ ఐరాల యువకుడి మీదికి పరిగెత్తారు. అతన్ని భుజాల మీదికి ఎత్తారు. నేను ఆయన కోసం చూశాను. నలభై నాలుగేళ్ళుగా ఎవరూ కొట్టలేరని చెప్పినది ఒకడు కొట్టేశాడు. ఆయన గోలుపోస్టు పట్టుకుని కొంచెంసేపు నిలబడి, తర్వాత మోకాళ్ళ మీద చేతులు ఆనించుకుంటూ గోల్లోకి నడిచారు. అక్కడ ఆ గోలీ తల వంచుకుని కూర్చుని ఉన్నాడు. అతని జట్టువాడే ఒకడు పక్కనుంచి పోతూ, "అంత దూరం నుంచి వస్తే పట్టుకోలేకపోయినావా రా" అని పోయాడు.

ఆ మాట ఆయనా విన్నారు. కష్టం మీద అతని పక్కన నేల మీద కూర్చున్నారు. అతని గ్లవ్ వేసుకున్న చేతిని తన మూడు వేళ్ళతో పట్టుకున్నారు. నేను టేపు చుట్టుకుంటూ అంత దగ్గర్లోనే ఉన్నాను కాబట్టి వినగలిగాను.

"నువ్వు నిలబడిన సోటు సరిగ్గానే ఉండాది. దూకిందీ సరైన టయానికే. నేను నిన్నే సూస్తా ఉండా, ఇంకెవుర్నీ సూళ్ళేదు. అది ఎవురూ పట్టలేని బాలు నాయినా." ఆగి, గొంతు పెంచి మళ్ళీ అన్నారు. "ఎవురూ పట్టలేరు."

ఆ గోలీకి ఈయన ఎవరో తెలియదు. "సరే తాతా" అని తల ఊపి, గ్లవ్స్ తీసి కళ్ళు తుడుచుకుని లేచాడు. లేస్తూ ఈయనకు చెయ్యి ఇచ్చి లేపాడు.

ఆ మరుసటి ఆదివారం టీ కొట్టు దగ్గర నేను ఆయన్ని అడిగాను. ఎడంకాలోడు గొప్పా, ఐరాలవాడు గొప్పా? ఒకడిది తోలు బంతి, ఒకడిది ఇప్పటి బంతి. దూరం మాత్రం ఒకటే, ఇప్పుడు టేపు కూడా ఒప్పుకుంటుంది. ఆయన చేతులు చరుచుకున్నారు. నేను ఎదురుచూశాను.

"ఇద్దురి గోలీలూ బాగా ఆడినారు."

ఆ రోజే నా ఇనుప టేపు పక్కన తాడు పరిచి కొత్త ముడులు వేసుకున్నారు. పాతవి విప్పుతానంటే వద్దన్నారు. నలభై మూడేళ్ళు ఆ చుక్క నుంచి కొట్టి తప్పినవాళ్ళు ఎంత దూరం నుంచి కొట్టారో ఎక్కడో ఒకచోట ఉండాలన్నారు. అది వాళ్ళకు తాను ఇవ్వాల్సిన తూకమన్నారు. తర్వాత ఒక్క ఎండాకాలమే ఆయన గీతలు గీశారు. మోకాళ్ళు సహకరించక కూతురి ఇంటికి వెళ్ళిపోయారు.

ఈ ఎండాకాలం గీతలు నేనే గీయాలి. తాడును ముందు టేపుతో సరిచూస్తాను, ప్రతి ఏడాదీ సరిచూస్తాను. పాత ముడులు ఉంటాయి.

నా పట్టికలో ఇప్పుడు పది కాలమ్‌లు ఉన్నాయి. పదోది గోలీ. దాంట్లో చాలా గళ్ళు ఖాళీ. వెతికి నింపుతున్నాను, నెమ్మదిగా. ఇరవై మంది కింద ఇరవై ఒకటో వరుస చేర్చాను. అందులో ఆటగాడి పేరు లేదు, సగటు లేదు, ఎన్నేళ్ళు ఆడాడో లేదు. ఎడంకాలు అని ఉంది, ముప్పై అయిదు గజాలు అని ఉంది. పదో గడిలో మాత్రం ఒక పేరు పూర్తిగా, ఇంటిపేరుతో సహా ఉంది. ఇక్కడ రాయని పేరు అక్కడ రాశాను.